నిలకడకు పదమూడో రోజు

కాగితాల అంచున ఉండే చిల్లుల పట్టీలు చింపుతున్నాను. బ్రెయిల్ అచ్చు యంత్రంలోంచి కాగితం విడివిడి పేజీలుగా రాదు, ఒకే పొడుగు తానులా వస్తుంది. రెండు వైపులా చిల్లులున్న సన్నటి పట్టీలుంటాయి. యంత్రం పళ్లు వాటిని పట్టుకుని కాగితాన్ని లాగుతాయి. అచ్చు పూర్తయ్యాక వాటితో పని లేదు. మడత దగ్గర పేజీలు విడదీసి, పట్టీలు చింపి, వరసగా పేర్చాలి. తొందరపడితే పేజీ అంచు చిరుగుతుంది. చుక్కల మీద వేలు పడితే చుక్క అణిగిపోతుంది. అణిగిన చుక్క చదివేవాళ్లకు లేని చుక్కే. అందుకని పసిపిల్లను ఎత్తుకున్నట్టు కిందనుంచి పట్టుకుని ఎత్తుతాను. రోజూ పొద్దున ఇదే నా మొదటి పని.

"ఎన్ని వచ్చాయే?" అంది పిన్ని, తెర మీంచి కళ్లు తిప్పకుండానే.

"ముప్పై నాలుగు. ఇవే ఆఖరివి."

"రెండొందల పన్నెండూ అయినట్టేనా?"

"అయినట్టే."

పిన్ని గోడమీది పలక దగ్గరికి వెళ్లి, పన్నెండు చెరిపి పదమూడు వేసింది.

ఆ అంకె సంగతి చెప్పాలి. మా పిన్ని చూసుకునే సాఫ్ట్‌వేరు లెక్కల పుస్తకాలను బ్రెయిల్ చుక్కలుగా మారుస్తుంది. అది ఎవరి సొత్తూ కాదు. దాని లోపలి రాత అంతా బయటే ఉంటుంది. ఎవరైనా చదవచ్చు, దిద్దవచ్చు, ఊరికే వాడుకోవచ్చు. ఆరేళ్లుగా ఎవరెవరో రాస్తున్నారు, పిన్ని కూరుస్తోంది. దాని నంబరు ఇప్పటికి సున్నా పాయింట్ తొమ్మిది. 'ఒకటి' అని నంబరు వేస్తే దాన్ని స్టేబుల్, అంటే నిలకడైనది, అంటారు. ఇక దీన్ని నమ్ముకుని పని చేసుకోండి అని లోకానికి మాట ఇచ్చినట్టు.

ఆ మాట ఎప్పుడివ్వాలి అన్నదానికి వీళ్లు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. చివరి దిద్దుబాటు తర్వాత పద్నాలుగు రోజులు రాతలో ఒక్క అక్షరం కూడా మారకూడదు. ఆ రోజులన్నీ అందరూ దాన్ని రకరకాలుగా పరీక్షించాలి. మా ఇంట్లో అయితే రెండొందల పన్నెండు పేజీల లెక్కల పుస్తకం ఒకటి దాంతో అచ్చువేసి చూస్తాం. తప్పు దొరికి దిద్దారా, లెక్క మళ్లీ ఒకటి నుంచి. ఒకసారి, నేను రాకముందు, చిన్నదే కదా అని ఆఖరి రోజున ఏదో దిద్దారట. ఒక గ్రంథాలయంలో నలభై సంపుటాల పేజీ నంబర్లు తారుమారయ్యాయట. ఆ కట్టుబాటు అప్పుడు పుట్టింది.

మా బాబాయి వాచీలు బాగుచేస్తాడు. ముందుగదిలో ఒక మూల ఆయన బల్ల, ఇంకో మూల పిన్ని బల్ల. కంటికి భూతద్దం తగిలించుకునే మాట్లాడతాడు. "ఆరేళ్లుగా పెళ్లికూతుర్ని ముస్తాబు చేస్తూనే ఉన్నారు. ఈలోగా పెళ్లికొడుక్కి పళ్లూడిపోతాయి" అన్నాడు ఆ పొద్దున కూడా.

"రేపటితో అయిపోతుందిలెండి" అంది పిన్ని.

"రేపు అనేది మీ వంశంలో లేదు."

నేను మా ఊరి బడిలో చదివాను. ఈ ఇంటికి వచ్చాకే కంప్యూటరు ముట్టుకున్నాను. పట్టీలు చింపడం కాక, వచ్చే ఉత్తరాలు చదివి, ఏది ఏ తప్పు గురించో విడదీసి పెట్టడం నా పని. రెండేళ్లుగా చదువుతున్నా ఆ ఉత్తరాల వింత నాకింకా తీరలేదు. ఎక్కడో సముద్రం మీద, ఓడ ఇంజిన్ గదిలో పనిచేసే ఒకాయన డ్యూటీ దిగి, కునుకు తీయకుండా, ఒక కామా గురించి రెండు పేజీలు రాస్తాడు. ఆయనకు చూపుంది. వాళ్లింట్లో అందరికీ చూపుంది. ఎవరి కోసం రాస్తున్నాడో ఆయనకే తెలియదు. అలాంటివాళ్లు వందకు పైన ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అయినా ఎప్పుడో ఎవరో ఒక లెక్క చదువుకోవాలని ఇంతమంది కూర్చుని చుక్కలు లెక్కపెడుతున్నారు. కొన్ని ఉత్తరాలు చదివాక నాకు కాసేపు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు.

పది గంటలకు మాస్టారు వచ్చారు.

మాస్టారు అంధుల బడిలో లెక్కలు చెబుతారు. పుట్టుకనుంచీ చూపులేదు. అచ్చయిన ప్రతి పేజీనీ వేళ్లతో చదివి, తప్పొప్పులు చెప్పేది ఆయనే. ఈసారి ఆయనకు ఇది ఒట్టి తప్పొప్పుల పని కాదు. పరీక్షల సంఘం నుంచి ఉత్తరం వచ్చింది: స్టేబుల్ నంబరున్న సాఫ్ట్‌వేరుతో అయితేనే లెక్కల ప్రశ్నపత్రాన్ని బ్రెయిల్లో అచ్చువేయనిస్తాం, నంబరు ఫలానా తేదీలోగా మాకు చేరాలి. ఆ తేదీ ఇంకో మూడు రోజుల్లో ఉంది. దాటితే పాత పద్ధతే. పిల్లవాడి పక్కన ఒక మనిషి కూర్చుని ప్రశ్న చదివి వినిపిస్తాడు. ఆయన బడిలో ఈ ఏడాది అయిదుగురు పరీక్ష రాస్తున్నారు.

"చదివి వినిపిస్తే మాత్రం ఏమైంది మాస్టారూ?" అని బాబాయి ఒకసారి అడిగాడు.

"ఏం కాదండీ. నాకూ అలాగే చదివారు. పెద్ద లెక్క అంటే కనీసం నాలుగుసార్లు వినాలి. రెండోసారి అడిగితే చదువుతారు. మూడోసారికి గొంతు మారుతుంది. నాలుగోసారి అడగడానికి నాకు మొహమాటం వేసింది. వదిలేశాను. ఆ లెక్క నాకు వచ్చు. ఇప్పటికీ వచ్చు."

ఆ రోజు ఆయన మెట్లెక్కుతుండగానే బాబాయి పలకరించాడు. "రండి రండి. ఏదీ మీ వాచీ? రోజుకు రెండు నిమిషాలు వెనకబడుతోందన్నారుగా, దిద్దుతాను."

మాస్టారిది మూత తెరిచి ముళ్లను తాకి చూసుకునే వాచీ. చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "వద్దండీ బాబూ. మీరు దిద్దితే మళ్లీ పద్నాలుగు రోజులు పెట్టుకోకూడదేమో. ఈ అమ్మగారి కట్టుబాటు తెలుసుగా!"

పిన్ని కూడా నవ్వింది. ఆ పొద్దున ఇల్లంతా రేపటి మీదే ఉంది.

ఆయన కూర్చుని చేతులు తుడుచుకున్నారు. నేను ముప్పై నాలుగు పేజీలూ ముందు పెట్టాను. మాస్టారు చదవడం నేను వందసార్లు చూశాను, ప్రతిసారీ మొదటిసారి చూసినట్టే ఉంటుంది. కుడిచూపుడువేలు వరస మీద నడుస్తుంది. అది చివరికి చేరకముందే ఎడమవేలు దిగి కింది వరస మొదలు పట్టుకుని కూర్చుంటుంది. కుడివేలు వచ్చి అందుకుంటుంది. ఎక్కడా తడబాటు లేదు, చప్పుడు లేదు. చీమ నడిచినంత పని. నేను మొదట్లో ఆయన అక్షరదోషాలు మాత్రమే చూస్తారనుకున్నాను. కాదు. ప్రతి లెక్కా చేస్తారు. పెదాలు కదులుతుంటాయి. జవాబు రావలసిన చోట వస్తే పేజీ తిప్పుతారు. రెండొందల పన్నెండు పేజీల్లోని లెక్కలన్నీ ఈ పదమూడు రోజుల్లో ఆయన తలలోనే చేశారు. రోజుకు ఓ ఇరవై పేజీలయ్యేసరికి వేళ్లు మొద్దుబారేవి. చన్నీళ్లలో ముంచుకుని మళ్లీ కూర్చునేవారు.

పదకొండున్నరకు ఆయన వేలు ఆగింది.

ఆగి, వరస మొదటికి పోయింది. మళ్లీ చివరిదాకా వచ్చింది. మళ్లీ మొదటికి. నాలుగోసారి చాలా మెల్లగా నడిచింది. చీకట్లో గొళ్లెం వెతుకుతున్నట్టుంది. తర్వాత కింది వరసకు దిగి ముందుకు సాగిపోయింది. ఆయన ఏమీ అనలేదు. పిన్ని చూడలేదు. బాబాయి ఏదో స్క్రూ కోసం నేలమీద పాకుతున్నాడు. నేనొక్కదాన్నే చూశాను.

ఆ పేజీ తర్వాత ఇంకా పంతొమ్మిది పేజీలున్నాయి. ఆయన అవన్నీ అదే నడకతో చదివారు. గంటన్నర పట్టింది. ఇప్పుడు చెబుతారు, ఇప్పుడు చెబుతారు అని చూస్తూ కూర్చున్నాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు అని కూడా నాకు తోచింది. అలా తోచినందుకు సిగ్గేసింది.

ఆఖరి పేజీ బోర్లించి, "అమ్మాయీ, నూట తొంభై మూడో పేజీ తియ్యి" అన్నారు. "కింది నుంచి ఆరో వరస."

పిన్ని కుర్చీ తిప్పింది. "ఏముంది మాస్టారూ?"

"ముందు మొత్తం చదివేద్దామని ఆగానమ్మా. ఒక తప్పు దొరగ్గానే లేచిపోతే రెండోది అక్కడే దాక్కుంటుంది. ఇంకోటి లేదు. ఇదొక్కటే." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "ఏడు బై రెండు, దానికి మూడు కలపాలి. ఆరున్నర రావాలి. నాకు ఒకటీ చిల్లర వస్తోంది."

బ్రెయిల్లో ఒక్కో అక్షరానికీ, గుర్తుకూ ఒక గడి ఉంటుంది. భిన్నం మొదలయ్యేచోట ఒక గుర్తు ఉంటుంది, ముగిసేచోట ఒక గుర్తు ఉంటుంది. ఆ ముగింపు గుర్తు అక్కడ లేదు. అది లేకపోతే భిన్నం అక్కడితో ఆగదు. రెండూ మూడూ కలిసి గీత కిందికి పోతాయి. ఏడును అయిదుతో భాగించాలన్నట్టు అవుతుంది. మిగిలిన లెక్కంతా తప్పుతుంది. పిల్లవాడికి తను చేసిందే తప్పేమో అనిపిస్తుంది.

పిన్ని వంగి ఆ వరస చూసింది. తర్వాత ఫోన్ కలిపి అందరినీ పిలిచింది. ఆ వేళకు ముగ్గురు దొరికారు. భిన్నాల భాగం రాసి, ఉత్తరాల కింద 'గడ్డం' అని సంతకం పెట్టే గడ్డం అన్న, ఓడ ఇంజినీరు, టైపు మామ్మ. మామ్మ నలభై ఏళ్లు ఆఫీసుల్లో టైపు కొట్టి రిటైరైంది. ఆవిడకు ఎంత పెద్దవాడైనా ఒరేయే.

పావుగంటలో గడ్డం అన్న దాన్ని పట్టేశాడు. "నాదే అక్కా తప్పు. వరస చివర ఖాళీ మిగిలితే తీసెయ్యమని రాశాను. ఆ గుర్తు సరిగ్గా ముప్పై మూడో గడిలో పడితే దాన్నీ ఖాళీలాగే తీసేస్తోంది. మేమంతా తెర మీద చూశాం. తెర మీద వరసకు అంతే లేదు. మీ కాగితం మీద వరసకు ముప్పై రెండు గడులే."

"కాగితానికి అంచుంటుందని మర్చిపోయావట్రా?" అంది మామ్మ.

"మీరూ చూశారు కదా మామ్మా."

"చూశాన్రా. అదే నా ఏడుపు. నా మిషన్‌కి గంటుండేది, అంచు దగ్గరికొస్తే టంగుమనేది. నలభై ఏళ్లు ఆ గంట విన్నదాన్ని, నేనే మర్చిపోయాను. తిట్టు నన్ను."

"తిట్లు తర్వాత. దిద్దడానికి ఎంతసేపు?" అన్నాడు ఓడ ఇంజినీరు. ఆయన మాట వెనక ఇంజిను హోరు వినిపిస్తోంది.

"లోపలి రాతలో ఒక్క వరస మారిస్తే చాలు. ఇప్పుడే పంపిస్తున్నా."

పంపించాడు. యంత్రం గదిలో ఆ ఒక్క పేజీ అచ్చువేశాం. యంత్రం దడదడ కొట్టి ఆగింది. పట్టీలు చింపి మాస్టారి ముందు పెట్టాను. ఆయన వేలు ఆ వరస మీద నడిచింది, చివర ఆగింది, కిందికి దిగింది.

"ఉంది" అన్నారు. "ఆరున్నర."

ఫోన్లో చప్పట్లు. బాబాయి కూడా భూతద్దం తీసి చప్పట్లు కొట్టాడు. మాస్టారి మొహం అప్పుడు చూడాలి. ఎండ తగిలినట్టయింది.

"ఇంకేం అక్కా" అన్నాడు గడ్డం అన్న. "రేపు నంబరు వేసెయ్. ఒక్క వరస మార్పుకి మళ్లీ పద్నాలుగు రోజులేంటి? మాస్టారి పిల్లలు పరీక్ష రాసుకోవాలి."

"నేనూ అదే అంటున్నా" అన్నాడు ఓడ ఇంజినీరు.

"కట్టుబాటు పెట్టుకుంది మనమే కదా. చేతికందిన ముద్ద నోటికందకుండా చేస్తామా?" అంది మామ్మ.

"అమ్మా, నేను కూడా అడుగుతున్నాను" అన్నారు మాస్టారు. ఆయన ఎప్పుడూ ఏదీ అడిగే మనిషి కాదు. "ఈ ఒక్కసారికి."

పిన్ని పలకకేసి చూస్తోంది. నేను పాత పేజీని, కొత్త పేజీని పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాను. చుక్కలు నేను కంటితోనే చదువుతాను. పేజీని ఏటవాలుగా పట్టుకుంటే నీడలు కనిపిస్తాయి. రెండేళ్లలో ఇలాంటి మాటల్లో నేనెప్పుడూ నోరు విప్పలేదు.

"పిన్నీ" అన్నాను. "కింది వరసలన్నీ జరిగాయి."

"ఏమిటే?"

"ఆ గుర్తు కింది వరసకి వచ్చింది కదా. అది తోస్తే తర్వాతవన్నీ ఒక్కో గడి జరిగాయి. ఇదివరకు వరస మధ్యలో ఉన్నవి ఇప్పుడు చివరికొచ్చాయి."

నేను పేజీని ఏటవాలుగా ఎత్తి పిన్నికి చూపించాను.

"ఎవరా అమ్మాయి?" అంది మామ్మ.

"మా అక్క కూతురు." పిన్ని ఫోన్ దగ్గరికి వంగింది. "గడ్డం, ఆ మార్పు ఎన్ని పేజీల్లో పనిచేస్తుంది?"

"వరస విరిగే ప్రతిచోటా, అక్కా."

"అంటే?"

"అంటే... అన్ని పేజీల్లోనూ."

"తెర మీద చూసి చెప్పగలవా?"

"తెర మీద చూసే కదా అక్కా ఇక్కడికొచ్చాం."

పిన్ని లేచి వచ్చి మాస్టారి ఎదురుగా కూర్చుంది. ఆవిడ మాట మెత్తగానే ఉంది. "మాస్టారూ, మేం వందమందిమి కళ్లతో చూశాం. ఈ రెండొందల పన్నెండు పేజీల్నీ వేళ్లతో చదివింది మీరొక్కరే. నంబరు వేసేది నేనే అయినా అది నిలబడుతుందో లేదో నాకు తెలీదు. మీకు తెలుసు. మిగతా పేజీలు మళ్లీ చదవక్కర్లేదు, ఈ ఒక్క పేజీ చదివింది చాలు అని మీరనండి. రేపటిదాకా కూడా ఆగను, ఇప్పుడే వేసేస్తాను. మీ ఉత్తరం సాయంత్రానికి వెళ్లిపోతుంది."

"పాపం ఆయన మీద పెడతావేమిటే" అన్నాడు బాబాయి గొణుగుతూ.

"ఇంకెవరి మీద పెట్టనండీ?"

మాస్టారు కొత్త పేజీ మీద చెయ్యి పెట్టారు. ఆరో వరస దాటి, ఎవరూ చదవమనకుండానే, అయిదో వరస, నాలుగో వరస చదువుకుంటూ పేజీ అడుగుకు వచ్చారు. అక్కడితో కాగితం అయిపోయింది. ఆయన వేలు అంచు దాటి బల్ల చెక్క మీదికి వచ్చి అక్కడే ఆగింది. తర్వాతి పేజీ ఇంకా అచ్చుకాలేదు.

ఒక్క మాట చాలు. 'చాలు' అంటే చాలు. ఆ అయిదుగురిలో ఒక పిల్లను నేనెరుగుదును. పోయిన నెల మాస్టారి వెంట వచ్చింది. అచ్చయిన పేజీని చెంపకు ఆనించుకుని, "ఎంత వెచ్చగా ఉందో" అంది. ఆ పిల్ల మరో నెలకు పరీక్ష గదిలో కూర్చుంటుంది. ప్రశ్న తన వేలికింద ఉంటుందా, పక్కవాళ్ల నోట్లో ఉంటుందా అన్నది ఇప్పుడు ఈ బల్ల దగ్గర తేలుతుంది. ఆయనకు అది నాకన్నా బాగా తెలుసు. గొంతు మారిన మూడోసారి ఆయన చెవుల్లో ఇంకా ఉంది.

మాస్టారి పెదాలు కదిలాయి. లెక్క చేసేటప్పుడు కదిలినట్టే కదిలాయి. ఏం లెక్క చేస్తున్నారో నాకు తెలియదు. ఫోన్లో ముగ్గురూ వింటున్నారు. అంత దూరాల్లో, అన్ని గదుల్లో, ఒక సముద్రం మీద, ఒక మనిషి నోరు విప్పడం కోసం అందరూ ఆగి ఉన్నారు. ఆరేళ్లు పనిచేసినవాళ్లు, తొందరపెట్టినా పెట్టగలవాళ్లు, ఆ క్షణాన ఒక్కరూ తొందరపెట్టలేదు. గుడిలో కూడా నేనంత నిశ్శబ్దం వినలేదు.

ఆయన నోరు విప్పారు. మళ్లీ మూశారు.

తర్వాత పేజీని రెండు చేతులా, అంచులు పట్టుకుని, చుక్కలు అణగకుండా నా వైపు జరిపారు. లేచి కుర్చీని బల్ల కిందికి నెట్టారు. గోడవార ఉన్న చేతికర్ర తీసుకున్నారు. గడప దగ్గర వంగి ఒక్కో చెప్పూ వెతికి వేసుకున్నారు. బాబాయి సాయానికి లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

పిన్ని పలక దగ్గరికి వెళ్లి పదమూడు చెరిపింది. గుడ్డతో తుడిచిన చప్పుడు గదంతా వినబడింది.

"ఒకటి నుంచి" అంది ఫోన్లోకి. మళ్లీ చెప్పింది. "ఇవాళ ఒకటో రోజు."

"సరే అక్కా" అన్నాడు గడ్డం అన్న. తర్వాత ఓడాయన. తర్వాత, చాలాసేపటికి, మామ్మ.

ఆ మాట విని మాస్టారు గడప మీద ఒక్క క్షణం ఆగారు. ఆయన మొహం నాకు కనిపించలేదు. వీపు మాత్రం కనిపించింది. కర్ర మెట్టు అంచును తాకింది. ఎప్పుడూ 'వెళ్లొస్తానమ్మా' అని గడపలోనే రెండుసార్లు చెప్పి వెళ్లే మనిషి, ఏమీ అనకుండా దిగి వీధిలోకి వెళ్లిపోయారు.